గాలికి గుర్రాలు కట్టి

తక్కువ డబ్బుతో ఎక్కువ పికప్ కావాలి. సీమ కుర్రాళ్ల నోట ఇప్పుడు టర్బో మాటే. హార్స్ పవర్ పెంచడం మరీ అంత ఖరీదైన పనేం కాదు. పెరిగిన పవర్‌ని బండి చేత మోయించడానికే డబ్బు కావాలి.

శనివారం ఉదయం. గుంతకల్లు పక్కన కసాపురంలో నెట్టికంటి ఆంజనేయస్వామి గుడి బయట బండ్ల పూజకు వరస కట్టారు. ముందు ఒక ట్రాక్టరు, దాని వెనక బొలెరో, ఆ వెనక రెండు కొత్త స్కూటర్లు, అన్నిటికన్నా చివర ఒక పాత పోలో. ముందున్న బండ్లకు షోరూం రిబ్బన్లు ఇంకా ఊడలేదు. పోలోకు మాత్రం కర్ణాటక నంబరు, బంపరు మూల గీతలు, వెనక అద్దం మీద పాత ఓనరు అంటించుకున్న స్టిక్కరు చింపిన మచ్చ. అయినా చుట్టూ మూగిన జనం దానికే ఎక్కువ. నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. బానెట్ మీద పసుపు, కుంకుమ. టెంకాయ కొట్టారు.

"ఏం మామా, ఎంత ఉందిది?" ఒక కుర్రాడి ఆరా.

"ఇప్పటికి నూటపది. బెంగళూరు పోయి మ్యాప్ కొట్టిస్తే నూటముప్పై దాటుతాది."

పక్కన నిలబడ్డ పెద్దాయన ఉలిక్కిపడ్డాడు. "నూటముప్పయ్యా? ఈ రోడ్ల మింద యాడ పోవల్లరా నాయనా?"

"స్పీడు కాదు తాతా, గుర్రాలు!"

నిమ్మకాయలు చితికాయి. బండి ముందుకు కదిలింది. గాలిని కుదించి బలం పుంజుకునే ఇంజిన్‌కు వాయుపుత్రుడి ముంగిట హారతి పట్టడం ఎంత సరిపోయిందో అక్కడున్న వాళ్లెవరికీ తట్టినట్టు లేదు. వ్యాసరాయలు 1521లో ఈ స్వామిని ప్రతిష్ఠించారని ఆలయ చరిత్ర. ఇన్నేళ్లలో ఎడ్లబండ్ల నుంచి బోరు లారీల దాకా ఎన్ని పూజలు అందుకున్నాడో!

ఐదారేళ్ల కిందటి వరకు ఈ ప్రాంతంలో కారు కొనాలంటే మైలేజీ ఎంత, ఎంతమంది పడతారు, డీజిలా కాదా అన్నవే ప్రశ్నలు. ఇప్పుడు టీ కొట్టు దగ్గర స్టేజ్ వన్, ఇంటర్‌కూలర్, డౌన్‌పైప్ అన్న మాటలు వినిపిస్తున్నాయి. 2025 సెప్టెంబరు 22న చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి దిగాక కొత్త కార్ల ధరలు తగ్గాయి. కొత్తవి తగ్గితే పాతవీ దిగక తప్పదు కదా. ఐదారు లక్షల్లో ఒక సెకండ్ హ్యాండ్ టర్బో కారు కొని, మరో లక్షో లక్షన్నరో పెట్టి ఖరీదైన కార్ల పక్కన నిలబెట్టాలన్న ఆశ ఈ తరానికి పట్టుకుంది. ఆ ఆశలో నిజం ఎంత, బూస్టు ఎంత?

పొగ గొట్టంలో పోయే సొమ్ము

ఇంజిన్‌లో పెట్రోలు మండాలంటే గాలి కావాలి. ఎక్కువ పెట్రోలు పోసినంత మాత్రాన ఎక్కువ శక్తి రాదు, దానికి తగ్గ గాలి కూడా లోపలికి వెళ్లాలి. మామూలు ఇంజిన్ తన పిస్టన్లతో పీల్చుకోగలిగినంతే పీల్చుకుంటుంది. టర్బో ఉన్న ఇంజిన్‌కు గాలిని బలవంతంగా ఎక్కిస్తారు, కమ్మరి కొలిమికి తిత్తి ఊదినట్టు. అయితే ఈ తిత్తి ఊదడానికి వేరే మనిషి అక్కర్లేదు. సైలెన్సర్ గుండా వృథాగా పోయే వేడి పొగే ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసుకు అటువైపున్న రెండో చక్రం బయటి గాలిని లాగి, కుదించి, ఇంజిన్‌లోకి తోస్తుంది. అలా పెరిగే గాలి ఒత్తిడే బూస్టు. పారేసే పొగతో పని చేయించుకోవడం అన్నమాట. స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బుహీ 1905లోనే దీనికి పేటెంటు తీసుకున్నాడు.

చెప్పుకోవడానికి సులువుగానే ఉంది. కానీ చిన్న కార్ల టర్బోలో ఆ ఇరుసు నిమిషానికి రెండు లక్షల చుట్లు తిరుగుతుంది. ఒక కొసన పెట్రోలు పొగ వేడి తొమ్మిది వందల డిగ్రీలు దాటుతుంది. వీటి మధ్య ఇరుసును కాచేది పల్చటి నూనె పొర ఒక్కటే. ఆ పొర చెడిందంటే టర్బో పని అయిపోయినట్టే. బాగా తొక్కి వచ్చి టక్కున తాళం తిప్పేస్తే ఆయిల్ పంపు ఆగుతుంది, వేడి మాత్రం అక్కడే ఉంటుంది. నిలిచిపోయిన ఆయిల్ మాడి బొగ్గులా పేరుకుంటుంది. మన బొలెరో, స్కార్పియో డ్రైవర్లలో పాతకాపులు బండి ఆపే ముందు కాసేపు ఐడిల్‌లో ఉంచేది ఇందుకే. వాళ్లకు సిద్ధాంతం తెలియకపోవచ్చు. ఓనరు చేత ఒకసారి టర్బో మార్పించిన అనుభవం చాలు.

గుత్తి షెడ్డు ఎప్పుడో నేర్పింది

టర్బో అన్నది గుంతకల్లుకు కొత్త సంగతేం కాదు. మద్రాసు–బొంబాయి దారిలో ఈ జంక్షన్ పుట్టిన నాటి నుంచి ఊరి బతుకు రైలుతోనే. 1960ల తర్వాత ఆ బతుకంతా టర్బో ఉన్న డీజిల్ ఇంజిన్ల చుట్టూ తిరిగింది. ముప్పై కిలోమీటర్ల లోపున్న గుత్తి డీజిల్ షెడ్డు ఒకప్పుడు దేశంలోని పెద్ద షెడ్లలో ఒకటి. అప్పట్లో అక్కడ ఎక్కువగా ఉన్నవి ఆల్కోలు. అమెరికన్ లోకోమోటివ్ కంపెనీ డిజైను, పదహారు సిలిండర్లు, 2600 హార్స్ పవర్, రైల్వే పెట్టిన పేరు డబ్ల్యూడీఎం–2. మీటర్ గేజ్ రోజుల్లో గుంతకల్లు యార్డులో తిరిగిన చిన్న తమ్ముడు వైడీఎం–4 కూడా ఆ కుటుంబమే.

ప్లాట్‌ఫారం మీద నుంచి ఆల్కో కదలడం చూసిన వారికి ఆ నల్లటి పొగ గుర్తుండే ఉంటుంది. డ్రైవరు నాచ్ (థ్రాటిల్ మెట్టు) పెంచగానే గుప్పున ఆకాశానికి లేచేది. స్టేషన్ దగ్గరి ఇళ్లలో ఉతికిన బట్టలు ఆరేసుకున్న ఆడవాళ్లు ఎంత తిట్టుకున్నారో. ఆ పొగకు కారణం ఉంది. నాచ్ పెంచిన మరుక్షణం డీజిల్ ఎక్కువగా పడుతుంది. టర్బో మాత్రం ఆ వేగాన్ని అందుకోవడానికి కొన్ని సెకన్లు తీసుకుంటుంది. ఆ కాస్సేపు గాలి చాలక డీజిల్ సగం మండి నల్లగా బయటికొస్తుంది. ఇవాళ కుర్రాళ్లు టర్బో ల్యాగ్ అని పేరు పెట్టి యూట్యూబ్‌లో చర్చించుకునేది దీన్నే. వీళ్ల తాతలు రోజూ నాలుగైదు సార్లు కళ్లారా చూసి, ముక్కు మూసుకున్నారు.

షెడ్డు వాళ్లు దాన్ని టర్బో సూపర్ చార్జర్ అనేవారు. దాని ఆరోగ్యం చూసే పద్ధతుల్లో ఒకటి నాకెంతో ఇష్టం. ఇంజిన్ ఆపేశాక టర్బో లోపలి రోటరు తన ఊపుకు తాను తిరుగుతూ మెల్లగా ఆగుతుంది. అది ఆగడానికి ఎంతసేపు పట్టిందో వాచీ చూసి లెక్కపెట్టేవారు. మరీ తొందరగా ఆగితే బేరింగులు పట్టేస్తున్నాయని అర్థం. చుట్టూ షెడ్డు రొద, చేతిలో వాచీ, ఈల లాంటి సన్నటి చప్పుడు సద్దుమణిగే దాకా చెవి అటే. ల్యాప్‌టాప్ లేదు, స్కానర్ లేదు.

ఆల్కోతో నేటి కారును పోల్చి ఒక లెక్క వేద్దాం. డబ్ల్యూడీఎం–2 ఇంజిన్ పరిమాణం సుమారు 175 లీటర్లు. 2600 హార్స్ పవర్‌ను దానితో భాగిస్తే లీటరుకు 15. తిరిగేది నిమిషానికి గరిష్ఠంగా వెయ్యి చుట్లే. అంత నింపాదిగా పనిచేసింది కాబట్టే ఆ ఇంజిన్లు దశాబ్దాల పాటు బతికాయి. 1969లో ఆల్కో కంపెనీ రైలింజిన్ల తయారీ నుంచి తప్పుకుంది, అయినా దాని ఇంజిన్లు మన పట్టాల మీద కొత్త శతాబ్దంలోనూ నడిచాయి. ఇక పెనుకొండ కియా ప్లాంటు నుంచి వచ్చే సెల్టోస్ టర్బో పెట్రోలు ఇంజిన్ ఒకటిన్నర లీటర్లు, 160 హార్స్ పవర్. లీటరుకు వంద దాటింది. కొందరు కుర్రాళ్లు 1.2 లీటర్ల ఇంజిన్‌తో 200 కావాలంటున్నారు. అంటే లీటరుకు 165 పైన. ఆ లోహం, ఆ గ్యాస్కెట్, ఆ పిస్టన్ రింగులు అంత ఒత్తిడిని ఎన్నాళ్లు భరిస్తాయి? తక్కువ ఖర్చు అన్న మాటకు అసలు పరీక్ష ఇక్కడే.

■ బాక్స్: 1962, రెండు ఖండాలు

ఆల్కో డబ్ల్యూడీఎం–2లు మన దేశంలో అడుగుపెట్టింది 1962లో. వారణాసి డీజిల్ లోకోమోటివ్ వర్క్స్ 1964 నుంచి వాటిని ఇక్కడే తయారు చేసింది. అదే 1962లో అమెరికాలో జనం కొనుక్కునే తొలి టర్బో కార్లు రెండు వచ్చాయి: షెవర్లే కార్వేర్ మోంజా స్పైడర్, ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్. జెట్‌ఫైర్‌ది 215 హార్స్ పవర్. ఇంజిన్ నాకింగ్ కొట్టకుండా దానికి నీళ్లు, మిథనాల్ కలిపిన ద్రవాన్ని వేరే డబ్బాలో పోయాలి. ఓనర్లు పోయడం మరిచేవారు. పోయకపోతే బూస్టు రాదు, బండి నీరసంగా నడుస్తుంది, ఓనరు షోరూం మీదికి యుద్ధానికి వెళ్తాడు. చివరికి కంపెనీయే చాలా కార్లకు టర్బో పీకి మామూలు కార్బురేటర్ బిగించింది. రెండేళ్లు తిరగకుండానే మోడల్ మూతపడింది.

పన్ను లెక్కలోంచి పుట్టిన పికప్

ఇంత చిన్న ఇంజిన్లకు టర్బోలు ఎందుకొచ్చాయన్నది చాలామందికి రాని ప్రశ్న. జవాబు ఢిల్లీ బడ్జెట్‌లో ఉంది. 2006లో కేంద్రం చిన్న కారుకు ఎక్సైజ్ సుంకం తగ్గించింది. పొడవు నాలుగు మీటర్ల లోపు, పెట్రోలైతే 1200 సీసీ, డీజిలైతే 1500 సీసీ దాటకూడదని హద్దు గీసింది. ఆ హద్దు జీఎస్టీలోకీ వచ్చింది, ఇప్పటికీ ఉంది. లోపలుంటే 18 శాతం, దాటితే 40 శాతం. ఇక కంపెనీలు ఏం చేస్తాయి? పెద్ద ఇంజిన్ పెడితే పన్ను పోటు, చిన్నది పెడితే పికప్ లేదని జనం గోల. నడుమ దారి టర్బో. ఒక్క లీటరు ఇంజిన్‌కు టర్బో తగిలిస్తే 1.6 లీటర్ల బలం వస్తుంది, కాగితం మీద మాత్రం చిన్న కారే.

ఆ పని మన జిల్లా గడ్డ మీదే జరుగుతోంది. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా ప్లాంటుకు 2017లో ఒప్పందం కుదిరింది. 2019 ఆగస్టులో మొదటి సెల్టోస్ బయటికొచ్చింది. అందులో 1.4 లీటర్ల టర్బో పెట్రోలు రకానిది 140 హార్స్ పవర్. ఆ మరుసటి ఏడు వచ్చిన సోనెట్‌లో 998 సీసీ టర్బో, 120. వానకు మొహం వాచిన నేల మీద, హంద్రీ–నీవా కాలువ మోసుకొచ్చే కృష్ణా నీళ్ల అండతో, ఏటా మూడు లక్షల కార్ల సామర్థ్యమున్న ఫ్యాక్టరీ లేచింది. ఇప్పుడా ప్రాంతం అనంతపురం నుంచి విడిపోయి శ్రీసత్యసాయి జిల్లాలో ఉంది. జనం నాలుక మీద మాత్రం ఇంకా అనంతపురమే. ఐటీఐ చదివిన పిల్లలు ఆ లైన్లలో టర్బో కార్లు బిగిస్తున్నారు. వాళ్లే సెలవురోజు ఊరికొచ్చి, అన్న కొన్న పాత కారుకు ఇంకో ఇరవై గుర్రాలు ఎలా ఎక్కించాలా అని ఆలోచిస్తున్నారు. మోజు ఒక్క సినిమాల వల్ల రాలేదు.

సెకండ్ హ్యాండ్ బజారులో అందే సరుకు కూడా పెరిగింది. 2013లో వచ్చిన పోలో జీటీ టీఎస్ఐ 105 హార్స్ పవర్. 2017 నాటి బలేనో ఆర్‌ఎస్ 102. 2018లో కోయంబత్తూరు జేయెమ్ సంస్థతో కలిసి టాటా తీసుకొచ్చిన టియాగో జేటీపీ 114. ఏడు లక్షల లోపు ధరకు కొత్తగా అమ్మిన ఆ బుల్లి కారు నా దృష్టిలో మన దేశంలో ఫ్యాక్టరీ నుంచి వచ్చిన అసలు సిసలు బడ్జెట్ టర్బో. అమ్మకాలు లేక రెండేళ్లలోనే ఆపేశారు. ఇప్పుడు వెతికినా దొరకదు. 2015 నాటి ఫియట్ పుంటో అబార్త్ 145. దాన్ని కొన్నవాళ్లు అమ్మరు, అమ్మినా స్పేర్లకు తిప్పలు.

మ్యాప్ కొట్టిస్తే ఏమవుతుంది?

కంపెనీ ఇంజిన్‌ను దాని శక్తి మేరకు మొత్తం వాడదు. ఎండకూ చలికీ, మంచి పెట్రోలుకూ చెడ్డ పెట్రోలుకూ, సర్వీసు చేయించని ఓనరుకూ సరిపోయేలా కొంత వెనక్కి పట్టుకుంటుంది. ఇంజిన్ కంప్యూటర్‌లో బూస్టు, ఇంధనం, స్పార్క్ టైమింగు పట్టికలు మార్చి ఆ దాచిన భాగాన్ని బయటికి తీయడమే రీమ్యాప్. ల్యాప్‌టాప్ పెట్టి గంటా రెండు గంటల్లో ముగిస్తారు. టర్బో కార్లలో మామూలుగా ఇరవై శాతం, ఒక్కోసారి ముప్పై శాతం శక్తి పెరుగుతుంది. పాతిక వేల నుంచి నలభై వేల దాకా ఖర్చు. హార్స్ పవర్‌కు ఇన్ని రూపాయలని చూస్తే ఇంతకంటే చవక బేరం ఉండదు. ఇక్కడి దాకా కుర్రాళ్ల లెక్క నిజమే.

ఆ తర్వాతే చిక్కు. పెరిగిన టార్క్ ముందు క్లచ్ మీద పడుతుంది. ఫోక్స్‌వ్యాగన్, స్కోడాల్లో వచ్చిన ఏడు గేర్ల డ్రై క్లచ్ డీఎస్‌జీ గేర్‌బాక్సును 250 న్యూటన్ మీటర్ల వరకే తయారు చేశారు. మన దేశపు ఆక్టేవియా 1.8 టీఎస్ఐలో టార్క్ సరిగ్గా 250 దగ్గరే ఆపింది అందుకే. అంతకు మించి మ్యాప్ కొట్టిస్తే నడుస్తుంది, కాకపోతే క్లచ్ అరుగుదలకు మీదే పూచీ. ఆ గేర్‌బాక్సు రిపేరు బిల్లులో మూడు నాలుగు మ్యాపులు వస్తాయి.

టర్బో లేని బండికి టర్బో బిగిద్దామనే ఆలోచన ఇంకా ప్రమాదం. ఆన్‌లైన్‌లో చైనా టర్బో పదిహేను ఇరవై వేలకు కనిపిస్తుంది. మెకానిక్ అన్న లేత్ పని చేయించి మానిఫోల్డ్ కట్టిస్తానంటాడు. కానీ మన చిన్న పెట్రోలు కార్ల ఇంజిన్లు మైలేజీ కోసం 11, 12 కంప్రెషన్ నిష్పత్తితో తయారయ్యాయి. సాధారణంగా టర్బో ఇంజిన్లకు 9, 10 దగ్గర ఉంచుతారు. ముందే అంతగా కుదించే సిలిండర్‌లోకి ఇంకా కుదించిన గాలిని ఎక్కిస్తే, స్పార్క్ పుట్టించిన మంట అందకముందే మిగతా పెట్రోలు తనంతట తాను అంటుకుంటుంది. నాకింగ్ అంటే అదే. ఒకటి రెండు సార్లు టకటకమంటుంది. మూడోసారి పిస్టన్ రింగుల మధ్య గట్టు విరుగుతుంది. అప్పుడు మెకానిక్ చెప్పేది ఒకటే మాట: ఇంజిన్ బోరుకొచ్చింది.

కొత్త చిన్న టర్బో ఇంజిన్లకు ఇంకో బలహీనత ఉంది. పెద్ద గేరులో, తక్కువ ఆర్‌పీఎంలో ఉండగా యాక్సిలరేటర్ అదిమి తొక్కితే, ఆయిల్ చుక్కల వల్ల ముందే మంట పుట్టి పిస్టన్ పగిలే ప్రమాదం ఉంది. ఆయిల్ కంపెనీలు దీని కోసమే కొత్త గ్రేడ్లు తెచ్చాయి. డబ్బా మీద ఏపీఐ ఎస్పీ అన్న ముద్ర ఉందో లేదో చూసుకోండి. మైలేజీ కోసం ఐదో గేరులో నలభైకి దింపి ఈడ్చే అలవాటు పాత స్విఫ్ట్‌లో చెల్లింది, ఇందులో చెల్లదు.

నన్నడిగితే డబ్బు పెట్టే వరస ఇది. కొనే ముందే టర్బో గొట్టం ఊడదీయించి లోపల ఆయిల్ తడి ఎంతుందో, ఇరుసు పక్కకు ఊగుతోందేమో చూడాలి. కంప్రెషన్ టెస్టు చేయించాలి. కొన్నాక మొదటి ఖర్చు ఆయిల్, ప్లగ్గులు, పగిలిన హోసులు. తర్వాత టైర్లు. పదహారు అంగుళాల మంచి టైర్లు నాలుగు కొంటే ముప్పై వేలు అటూ ఇటూ. ఆ తర్వాత బ్రేక్ ప్యాడ్లు, బ్రేక్ ఆయిల్. ఆ పైన పెద్ద ఇంటర్‌కూలర్. అప్పుడు మ్యాప్. కుర్రాళ్లు ఈ జాబితాను తలకిందులుగా చదువుతారు. మొదట కొనేది గేరు మార్చినప్పుడల్లా "ప్స్స్" అనే వాల్వు. పవర్‌కూ దానికీ సంబంధం లేదు, వీధి చివరి దాకా వినబడాలంతే.

■ బాక్స్: నిమిషం తొక్కితే

200 హార్స్ పవర్ టర్బో పెట్రోలు ఇంజిన్‌ను అదిమి తొక్కి ఉంచితే నిమిషానికి లీటరు పైచిలుకు పెట్రోలు తాగుతుంది. మన రాష్ట్రం ధరలో నిమిషానికి నూరు రూపాయలు దాటినట్టే. రోడ్డు మీద ఎవరూ నిమిషం పాటు అలా తొక్కలేరు, అప్పటికి బండి ఎక్కడుంటుందో ఊహించుకోండి. ఇంజెక్టర్లు, పంపు మాత్రం ఆ లీటరును అందించగలగాలి. అందించలేకపోతే మిశ్రమంలో పెట్రోలు తగ్గి, వేడి పెరిగి, పిస్టన్ కరుగుతుంది.

ఎండ, దుమ్ము, ఇథనాల్

గుంతకల్లు సముద్ర మట్టానికి నాలుగు వందల మీటర్ల పైన ఉంటుంది. మద్రాసులో కంటే ఇక్కడ గాలి పీడనం దాదాపు ఐదు శాతం తక్కువ. మామూలు ఇంజిన్ ఆ మేరకు బలం కోల్పోతుంది. టర్బో కాస్త ఎక్కువ తిరిగి ఆ లోటు పూడ్చుకుంటుంది. ఈ ఒక్క విషయంలో పీఠభూమి టర్బోకు అనుకూలం.

ఎండ మాత్రం ఆ మేలంతా వడ్డీతో వసూలు చేస్తుంది. మే నెలలో బయట 42 డిగ్రీలుందనుకోండి. ఆ గాలిని టర్బో రెట్టింపు పీడనానికి కుదిస్తే దాని వేడి 140 డిగ్రీల దాకా ఎగబాకుతుంది. వేడి గాలి పల్చగా ఉంటుంది, నాకింగ్‌నూ పిలుస్తుంది. దాన్ని చల్లార్చే పని ఇంటర్‌కూలర్‌ది. కానీ అదీ చల్లార్చేది ఆ 42 డిగ్రీల గాలితోనే. బెంగళూరు చల్లదనంలో జనవరిలో కొట్టిన మ్యాప్, గుంతకల్లు మే మధ్యాహ్నం అదే బలం ఇవ్వదు. మంచి మ్యాప్ అయితే కంప్యూటరే టైమింగు వెనక్కి లాగి ఇంజిన్‌ను కాపాడుకుంటుంది. ఆ రక్షణను తీసేసి, పవర్ కొలిచే డైనో కాగితం మీద అంకె పెంచి చూపించేవాళ్లూ ఉన్నారు. అడగాల్సింది ఎంత పెంచుతావని కాదు, ఎండలో ఎంత తగ్గిస్తుందని.

దుమ్ము సంగతి చెప్పక్కర్లేదు. ఎయిర్ ఫిల్టరును ముందుకు తెచ్చి తెరిచిపెట్టే కోన్ రకం మన ఎర్రమట్టి రోడ్లలో ఆత్మహత్యే. రెండు లక్షల చుట్లు తిరిగే చక్రానికి ఇసుక రేణువు చాలు. కంపెనీ బిగించిన మూసిన పెట్టె, కాగితం ఫిల్టరు ఉంచుకుని, పుస్తకంలో రాసిన కిలోమీటర్లలో సగానికే మార్చుకోవడం మేలు.

ఇక ఇథనాల్. ఇరవై శాతం కలిపిన పెట్రోలు వచ్చాక మైలేజీ పడిపోయిందని, పాత బండ్ల రబ్బరు భాగాలు పాడవుతున్నాయని జనం మండిపడుతున్నారు. మైలేజీ తగ్గడం నిజమే, ఇథనాల్‌లో శక్తి తక్కువ. కానీ టర్బో వైపు నుంచి చూస్తే దీనికి రెండో మొహం ఉంది. పాత మామూలు పెట్రోలుకు ఆక్టేన్ 91 అయితే ఈ20కి ప్రమాణం 95. పైగా ఆవిరయ్యేటప్పుడు ఇథనాల్ చుట్టూ ఉన్న వేడిని లాగేసుకుంటుంది. రెండూ నాకింగ్‌ను వెనక్కి నెట్టేవే. విదేశాల్లో పవర్ పిచ్చి ఉన్నవాళ్లు 85 శాతం ఇథనాల్ కోసం ఊళ్లు దాటి వెళ్తారు. మనవాళ్లకు బంకులోనే ఇరవై శాతం దొరుకుతోంది. వాళ్లు సంతోషించలేకపోవడానికి కారణం 2013 నాటి కారు గొట్టాలు.

పాత ఇనుములో పవర్ దొరుకుతుందా?

అమెరికాలో బడ్జెట్ టర్బో అంటే దారి వేరు. పాత ఇనుము యార్డులో జనరల్ మోటార్స్ ట్రక్కు వీ8 ఇంజిన్ కొంటారు. 4.8 లేదా 5.3 లీటర్లు, పోత ఇనుము బ్లాకు. దానికి చవక టర్బో తగిలించి, షెడ్డులో వారాంతాల్లో బిగించి ఆరేడు వందల హార్స్ పవర్ తీస్తారు. అక్కడ ఇంజిన్ పెద్దది, చవకైనది, మొండిది. పగిలితే ఇంకోటి తెచ్చుకుంటారు.

మనకు విజయవాడ ఆటోనగర్ ఉంది, చెన్నై పుదుపేట ఉంది. అక్కడ దొరకని స్పేరు లేదంటారు. కానీ మన రోడ్ల మీద తిరిగినవే కదా అక్కడికి చేరేది. చిన్న ఇంజిన్లు, వాటిలోనూ రెండు లక్షల కిలోమీటర్లు తిరిగి నలిగినవి. పైగా ఇంజిన్ నంబరు ఆర్సీలో ఉంటుంది. వేరే ఇంజిన్ వేస్తే ఆర్టీఏ అనుమతి తీసుకోవాలి. కాగితం లేని ఇంజిన్ చవకగా వచ్చిందంటే ఎక్కడిదని అడగాలి. పెనుకొండ కియా ప్లాంటు నుంచి ఐదేళ్లలో దాదాపు 900 ఇంజిన్లు మాయమయ్యాయని 2025లో పోలీసు కేసు నమోదైనప్పుడు జిల్లా అంతా నోరు తెరిచింది. అన్ని ఇంజిన్లు గేటు దాటి ఎలా వెళ్లాయన్నది ఒక ఆశ్చర్యం. కొన్నవాళ్లు బిల్లు అడిగారా అన్నది ఇంకో ప్రశ్న.

బ్రేక్ ఇన్‌స్పెక్టరు ముందు

కుర్రాళ్లు చెవిన పెట్టని అధ్యాయం ఇదే. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలో ఉన్న వివరాలు కంపెనీ ఇచ్చిన వాటితో తేడా పడేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో కేరళ నుంచి వెళ్లిన కేసులో సుప్రీంకోర్టు ఇదే మాట గట్టిగా చెప్పింది. రీమ్యాప్ కంటికి కనబడదు కాబట్టి రోడ్డు మీద ఎవరూ పట్టుకోలేరని ధీమా. నిజమే, తనిఖీలో బయటపడకపోవచ్చు. బయటపడేది ప్రమాదం జరిగిన తర్వాత. ఇన్సూరెన్స్ సర్వేయరుకు కారణం దొరికితే చాలు, క్లెయిము మీద గీత పడుతుంది. అవతలి బండిలో ఉన్నవాళ్లకు దెబ్బ తగిలి ఉంటే ఆ గొడవ పొలం అమ్మినా తీరదు. మ్యాప్ ఖర్చు రాసుకున్న కాగితంలో ఈ పద్దు ఎవరూ రాయరు.

కర్ణాటక నుంచి తెచ్చిన కారైతే ఎన్ఓసీ, ఇక్కడి లైఫ్ ట్యాక్స్ కలుపుకోవాలి. ఐదు లక్షల కారు ఐదు లక్షలకే ఇంటికి రాదు.

■ బాక్స్: చట్టంలో అంకెలు

2019 సవరణ తర్వాత, అనుమతి లేకుండా బండిని మార్పించుకున్న ఓనరుకు ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు. రోడ్డు మీద పందేలకు దిగితే మొదటిసారి మూడు నెలల దాకా జైలు, 5,000 దాకా జరిమానా. మళ్లీ దొరికితే ఏడాది, 10,000.

తొక్కాలంటే ఎక్కడ?

గుత్తి నుంచి గుంతకల్లు మీదుగా బళ్లారి వెళ్లే 67వ జాతీయ రహదారి, గుత్తి దగ్గర దాటే 44వ రహదారి. కుర్రాళ్ల కళ్లు వీటి మీదే. నున్నగా, తిన్నగా ఉన్నాయి మరి. కానీ కోతల కాలంలో ఈ చుట్టుపక్కల రోడ్ల మీద ఉలవ కంప, కొర్రలు, జొన్న కంకులు పరుస్తారు. బండ్లు తొక్కుతూ పోతే నూర్పిడి అయిపోతుందని. చేట పట్టుకున్న ముసలమ్మ రోడ్డు మధ్యలో కూచుని ఉంటుంది, ఆమె మనవడు పక్కన ఆడుకుంటుంటాడు. ఎండు కంప మీద బ్రేకు వేస్తే టైరు పట్టదు. పైగా గంటకు 100 కిలోమీటర్ల వేగంలో ఉన్న కారును ఆపడానికి బ్రేకులు మింగాల్సిన శక్తికి, 140లో దాదాపు రెట్టింపు కావాలి. మ్యాప్ కొట్టినవాడు బ్రేకులకు మ్యాప్ కొట్టలేదు కదా.

నా మట్టుకు నాకు మన రోడ్లకు 130, 140 హార్స్ పవర్ చాలనిపిస్తుంది. ముందున్న లారీని దాటేటప్పుడు అవతలి నుంచి బస్సు వచ్చే లోపు పక్కకు రాగలిగే పికప్ అది. ప్రాణం కాపాడే పవర్ అంతవరకే. ఆపైన పెరిగే ప్రతి గుర్రాన్నీ పరుగెత్తించడానికి వేరే చోటు కావాలి.

ఆ చోటు ఉంది. చెన్నై దగ్గర శ్రీపెరుంబుదూరు సమీపంలోని ఇరుంగాట్టుకోటైలో మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ కట్టిన 3.7 కిలోమీటర్ల ట్రాక్ 1990 నుంచి నడుస్తోంది. కోయంబత్తూరులో కరి మోటార్ స్పీడ్‌వే ఉంది. హైదరాబాద్ 2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ కార్లను పరుగెత్తించింది, అది మాత్రం మన బండ్లకు తెరిచిన దారి కాదు. ట్రాక్ డే రుసుము, హెల్మెట్, రానూపోనూ పెట్రోలు అన్నీ కలిపినా ఒక రీమ్యాప్ ఖర్చు కాదు. గుంతకల్లు నుంచి శ్రీపెరుంబుదూరు నాలుగు వందల కిలోమీటర్ల పైమాటే. వెళ్లేటప్పుడు డిక్కీలో కొత్త బ్రేక్ ప్యాడ్ల జత, రెండు లీటర్ల ఇంజిన్ ఆయిల్ పడేసుకోండి. మూడు నాలుగు రౌండ్లు కొట్టగానే ప్యాడ్ల పొగ వాసన వస్తుంది. అప్పుడొక రౌండు మెల్లగా తిరిగి, బండి ఆపాక బానెట్ ఎత్తి, హ్యాండ్ బ్రేక్ వేయకుండా గేరులో పెట్టి ఉంచండి. కాలిన డిస్కును ప్యాడ్ పట్టుకుంటే వంకర పోతుంది.